పిట్ట వెనక పెరడు

జూన్ 3

స్టూడియో బావగారికి నమస్కారాలు.

ఈ పార్సిల్లో ఉన్నది మందు డబ్బా కాదు, ఫిల్ము రోలు. మా వీధి చివర సెల్‌ఫోన్లు బాగుచేసే ఆయనకి చూపిస్తే మూత తీసి వాసన చూశాడు. ఈ ఊళ్ళో దీన్ని కడిగేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. మీరు స్టూడియోని జెరాక్సు షాపుకి అద్దెకిచ్చినా, వెనకున్న డార్క్‌రూమ్ మాత్రం వదులుకోలేదని మీ అమ్మాయి చెప్పింది. అందుకని చనువు తీసుకుంటున్నాను. పిల్లల పెళ్ళయి మూడేళ్ళయినా మనిద్దరం ఫోనులో "బాగున్నారా, బాగున్నాం" దాటి ముందుకెళ్ళింది లేదు. ఉత్తరమైతే కాస్త వెసులుబాటుగా ఉంటుంది.

కెమెరా సంగతి చెప్పాలి. నేను తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా ఉన్నప్పుడు, దొంగ తూకంరాళ్ళను ఫోటో తీసి కోర్టులో పెట్టడానికి ఆఫీసువాళ్ళు కొన్నది. అడుగున తొలిచిన రాళ్ళు, ఒకవైపు మొగ్గేలా చేసిన కాటాలు, అడుగు ఎత్తిన లీటరు డబ్బాలు, ఇరవై రెండేళ్ళు అది చూసినవన్నీ అవే. పాత సామాను వేలం వేసినప్పుడు ఎవరూ పాడకపోతే నేను తెచ్చుకున్నాను. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి, వెలుతురు మనమే అంచనా వేసుకోవాలి. నా పుట్టినరోజుకి అమ్మాయి ఎక్కడినుంచో అరడజను నలుపు తెలుపు రోళ్ళు తెప్పించి ఇచ్చింది. ఇచ్చాక ఊరికే ఉంటే బాగుండదని పెరట్లో పిట్టల్ని తీయడం మొదలుపెట్టాను.

మా పెరడు పన్నెండడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు. ఒక నిమ్మచెట్టు, ఒక కుళాయి, గోడ నుంచి గోడకి ఒక బట్టల తీగ. వంటగది కిటికీ దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంటాను. ప్రతి ఫోటోకి నంబరు, తేదీ, టైము, షట్టరు వేగం నోటుబుక్కులో రాశాను. ఆ నకలు జతచేశాను.

అమ్మాయి కులాసా. నీటి పరీక్షల ల్యాబులో పని ఎక్కువగా ఉందట. అబ్బాయి క్యాంపులో ఉన్నాడు. చెల్లెమ్మను అడిగానని చెప్పండి.

మీ
తూనికల వియ్యంకుడు


జూన్ 15

తూనికల బావగారికి,

రోలు అందింది. నాలుగేళ్ళ తర్వాత డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బు వెలిగింది. "ఆ కంపు మళ్ళీ మొదలైందా?" అని మీ చెల్లెమ్మ ముక్కు మూసుకుంది. జెరాక్సు షాపతను ఏదో కాలుతోందనుకుని బకెట్టుతో వచ్చాడు.

ఇక ఫలితాలు. ముప్పై ఆరింటిలో పదకొండింటిలో నిమ్మాకు చక్కగా వచ్చింది, పిట్ట రాలేదు. తొమ్మిదింటిలో కాకి వీపు. నేరస్థుల్ని తీసిన అలవాటు కాబోలు, మిగతావాటిని మాటు వేసి పట్టుకున్నట్టు తీశారు. అయితే ఇరవై రెండో నంబరు పికిలిపిట్ట మాత్రం నేను తీశానని చెప్పుకున్నా సిగ్గుపడక్కర్లేనంత బాగుంది. అది పెద్దది చేసి పంపుతున్నాను. మిగతావన్నీ ఒకే షీటు మీద స్టాంపుల సైజులో ఉన్నాయి, ఒక కాపీ నా దగ్గర ఉంచుకున్నాను, మీరు భూతద్దం పెట్టుకుని చూడండి.

ఒక లోపం చెబుతాను, ఏమీ అనుకోకండి. ముప్పై ఐదేళ్ళు నెగటివ్‌ల మీద పెన్సిలు పెట్టి జనం మొహాలు బాగుచేసినవాణ్ణి. నేను మొహం కన్నా ముందు అంచులు చూస్తాను. మీరు పిట్ట ఒక్కదాన్నే చూస్తున్నారు, కెమెరా అన్నీ చూస్తుంది. తీగ మీద బట్టలున్నప్పుడు పిట్ట తోక వాటిలో కలిసిపోయింది. ముందు వెనకాల ఏమున్నదో చూసుకోండి.

పద్నాలుగో నంబరు. మీ నోటుబుక్కు ప్రకారం మంగళవారం, పదకొండూ ఇరవై. గోరింక వెనకాల మెట్టు మీద అమ్మాయి కూర్చుని ఉంది. చేతిలో పనేమీ లేదు. తల గోడకి ఆనించి ఉంది, మొహం సరిగా తెలియడం లేదు. ఆ రోజు ల్యాబుకి సెలవా? ఊరికే అడిగాను. ఫోను చేస్తే "బాగున్నాను నాన్నా" తప్ప రెండో మాట చెప్పదు. అల్లుడుగారు ఎప్పుడూ క్యాంపేనాయె. ఆ ప్రింటు నా బల్ల మీదే ఉంది.

మీ
స్టూడియో బావ


జులై 2

స్టూడియో బావగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఒళ్ళు మండింది. రెండోసారికి నవ్వొచ్చింది. మూడోసారికి మీరు చెప్పింది నిజమేనని ఒప్పుకున్నాను. పికిలిపిట్ట ఫోటోని అమ్మాయి ఫ్రిజ్ తలుపుకి అంటించింది.

పద్నాలుగో నంబరుకి షట్టరు వేగం చాలలేదు. గోరింక తల తిప్పింది, తప్పు దానిది కాదు, నాది. సెలవు గురించి అడిగారు. ల్యాబులో షిఫ్టులుంటాయి.

కుళాయి కింద పళ్ళెంలో నీళ్ళు పెట్టడం మొదలుపెట్టాక గోరింకల జంట ఒకటి రోజూ వస్తోంది. రెండింటికీ సరిపడా నీళ్ళున్నా ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఎవరిది తప్పో తేల్చడానికి వారం రోజులు కూర్చున్నాను. ఇద్దరిదీనని తేలింది. పిచ్చుకలు అవి తగువులాడుకునేటప్పుడు దిగి, తాగి, వెళ్ళిపోతాయి. ఆ ఆర్డరులోనే తీశాను, ఏడు నుంచి పదమూడు వరకు చూడండి.

మీరు చెప్పిన లోపం పూర్తిగా సరిచేశాను. ఈ రెండో రోలులో పిట్ట వెనకాల వేలెత్తి చూపించడానికి ఏమీ ఉండదు.

అందరం కులాసా.

మీ
తూనికల వియ్యంకుడు


జులై 14

తూనికల బావగారికి,

ఈసారి ముప్పై ఆరింటిలో ఇరవై పిట్టలున్నాయి. ఇలాగే సాగితే చలికాలానికి మిమ్మల్ని ఫోటోగ్రాఫరు అనవచ్చు. పదకొండో నంబరులో పిచ్చుక ముక్కు నుంచి నీటిచుక్క జారుతోంది. అది దైవికంగా పడిందో, మీరు కాచుకుని పట్టారో చెప్పకండి. కాచుకుని పట్టారనే అనుకుంటాను.

పెరడు చాలా శుభ్రంగా ఉంది. ఎప్పుడూ అలాగే ఉంటుందా? మొదటి రోలులో తీగ నిండా బట్టలుండేవి, అమ్మాయి ల్యాబు కోట్లు కూడా కనిపించేవి. మీ చెల్లెమ్మ ముచ్చటపడుతోంది, ఈసారి పెరడంతా ఒక ఫోటో తీసి పంపమని. ఉన్నది ఉన్నట్టు. పిట్ట లేకపోయినా ఫరవాలేదు. మనుషులున్నా ఫరవాలేదు.

అల్లుడుగారికి రెండుసార్లు ఫోను చేశాను, తీయలేదు. క్యాంపులో సిగ్నల్ ఉండదు కాబోలు. నేను నీళ్ళు నములుతున్నానని మీకు తెలుస్తూనే ఉంటుంది. ఆడపిల్ల తండ్రికి ఏదైనా అడగాలంటే ముందు పది మాటలు మింగాలి. మీకు ఆడపిల్ల లేదు కాబట్టి ఈ బాధ తెలియకపోవచ్చు. నాకు కావలసింది ఒక్కటే, అమ్మాయి ఆ ఇంట్లో బాగుందని నా కళ్ళతో చూడడం.

నా మోకాలి సంగతి అడగలేదు మీరు. అలాగే ఉంది.

మీ
స్టూడియో బావ


ఆగస్టు 1

స్టూడియో బావగారికి,

మీ మోకాలు అలాగే ఉన్నందుకు విచారిస్తున్నాను.

నేను ముప్పై ఏళ్ళు తనిఖీలు చేసినవాణ్ణి. దుకాణంలోకి వెళ్ళి, "ఊరికే ఇటుగా పోతూ వచ్చాం" అనేవాళ్ళం. దుకాణదారు కూడా "ఊరికే రండి" అని కుర్చీ వేసేవాడు. ఎవరికి తెలియాల్సింది వాళ్ళకి తెలిసిపోయేది. మీ ఉత్తరం చదివితే కుర్చీ వేయవలసింది ఈసారి నేనని అర్థమైంది. పెరడంతా పట్టేంత వెడల్పు లెన్సు నా దగ్గర లేదు. బట్టలు ఉంటే తప్పు, లేకపోతే అనుమానం. ఏది కావాలో తేల్చి చెబితే అలాగే తీస్తాను.

ఈ మూడో రోలు వేరే పద్ధతిలో తీశాను. స్టూలు గోడ పక్కకి మార్చి, కెమెరా పైకి ఎత్తి, పిట్టలు ఎగిరేటప్పుడూ తీగ మీద వాలేటప్పుడూ తీశాను. వెనకాల ఆకాశం తప్ప ఏమీ ఉండదు. దానికి మీరు పెట్టే వంక ఏమిటో చూడాలి. ఒక తేనెపిట్ట కొత్తగా వస్తోంది. అది నా బొటనవేలంత ఉంటుంది, ఒక్క చోట కుదురుగా ఉండదు. తొమ్మిది ఫోటోలు దానికే పోయాయి.

అమ్మాయి బాగుంది. ఇది నా మాట. ఇంతకన్నా ఏం రాయాలో నాకు తెలియడం లేదు.

మీ వియ్యంకుడు


ఆగస్టు 9

బావగారూ,

మూడో రోలులో ముప్పై ఆరు ఆకాశాలున్నాయి. పిట్టల సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

మా అమ్మాయి ఎక్కడుంది?

రెండు రోళ్ళలో డెబ్బై రెండు ఫోటోలు చూశాను. మనిషి లేదు, మనిషి తాలూకు గుడ్డముక్క లేదు. అడిగితే మీరు కెమెరానే ఆకాశం వైపు తిప్పేశారు. సెల్‌ఫోను ఎక్కడినుంచైనా మాట్లాడుతుంది, కాబట్టి ఆమె గొంతు విన్నా నాకు నమ్మకం లేదు. పంపించేశారా? తనే వెళ్ళిపోయిందా? ఏ హాస్టల్లో ఉంది? అల్లుడు నా ఫోను ఎందుకు తీయడు? మర్యాద కోసం రెండు నెలలు ఊరుకున్నాను. ఇక ఊరుకోలేను. నాకు భయంగా ఉంది.

తిరుగు టపాలో జవాబు కావాలి.

స్టూడియో బావ


ఆగస్టు 14

బావగారికి,

మీ అమ్మాయి ఇక్కడే ఉంది. నేనిది రాస్తుంటే పక్కగదిలో బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. ఇంట్లో లేనిది మా అబ్బాయి.

ముందు తీగ సంగతి. వెనకాల ఏమున్నదో చూసుకోమని రాసింది మీరే. అందుకని ఫోటోకి కూర్చునే ముందు తీగ మీద బట్టలన్నీ తీసి బకెట్లో వేసి, అయ్యాక మళ్ళీ ఆరేసేవాణ్ణి. అమ్మాయి మెట్టు మీద కూర్చుంటే కాస్త లోపలికి జరగమనేవాణ్ణి. నవ్వుకుంటూ జరిగేది. మీరు బట్టలు లేవని దిగులుపడతారని నాకు తట్టలేదు. ఇంత తెలివితక్కువతనం నా సర్వీసులో ఎవరైనా చేస్తే మెమో ఇచ్చేవాణ్ణి.

ఇక అసలు సంగతి. అబ్బాయి డిసెంబరులో బదిలీ అని వెళ్ళాడు. ఫిబ్రవరిలో ఫోను చేసి తిరిగి రానన్నాడు. అక్కడ ఇంకొకామెతో ఉంటున్నాడు. నేను నమ్మక, వెళ్ళి తలుపు కొట్టాను. ఆమే తీసింది. మంచినీళ్ళిచ్చింది. తాగి వచ్చేశాను.

మీకు చెప్పకపోవడానికి కారణాలు రెండు. ఒకటి, అమ్మాయి వద్దంది. "నాన్నకి చెబితే మర్నాడే సూట్‌కేసుతో దిగిపోతారు మావయ్యా, నన్ను కొంచెం ఆలోచించుకోనివ్వండి" అంది. రెండోది నాది, అది రాయడం కష్టంగా ఉంది. మీకు తెలిస్తే ఆమెను తీసుకుపోతారు. మా ఆవిడ పోయాక ఈ ఇంట్లో నన్ను తిన్నారా అని అడిగింది మీ అమ్మాయి ఒక్కతే. ఆమె పోతే నేను ఏమైపోతానా అని భయపడ్డాను. నా కొడుకు చేసిన పనికి మీ కాళ్ళు పట్టుకోవలసినవాణ్ణి, నా భయం నేను చూసుకున్నాను. ముప్పై ఏళ్ళు ఇతరుల తూకాలు పట్టుకుని, నా ఇంట్లో ఇంత తేడాని దాచాను.

మొదటి రోలప్పుడు తీగ మీంచి బట్టలు తీయలేదు. మీ కన్ను గురించి అమ్మాయి చెప్పింది కాబట్టి, మీరే కనిపెట్టేస్తారు, నేను నోరు తెరవక్కర్లేదు అనుకున్నాను. సగం భయం, సగం ఆశ. ఆ షీటు మళ్ళీ చూడండి. తీగ మీద అమ్మాయి కోట్లున్నాయి, నా బనియన్లున్నాయి. వయసులో ఉన్న మగవాడి చొక్కా ఒక్కటి లేదు. మీరు కూతురి కోసం వెతికారు. అల్లుడి కోసం వెతకలేదు.

ఏమనాలనిపిస్తే అది అనండి. పడతాను.

మీ వియ్యంకుడు


ఆగస్టు 19

బావగారూ,

షీటు చూశాను. మీరు చెప్పినట్టే ఉంది. ముప్పై ఐదేళ్ళు అంచులు చూసిన కన్ను ఇది. అద్దాలు తీసి బల్ల మీద విసిరేశాను.

మీ ఉత్తరం తెచ్చి మీ చెల్లెమ్మకి చదివి వినిపించాను. పిడుగు పడ్డట్టు కూలబడుతుందని పక్కన నిలబడ్డాను కూడా. ఆవిడ కత్తిపీట ముందు నుంచి తల ఎత్తకుండా, తనకి మార్చిలోనే తెలుసంది. అమ్మాయి చెప్పిందట. నాకెందుకు చెప్పలేదంటే, "మీకు చెబితే ఇదిగో ఇలాగే అరుస్తారని" అంది. నేను అప్పుడు అరుస్తున్నమాట నిజమే.

అంటే నా కూతురి కాపురం కూలిపోయిందని మీకు తెలుసు, దాని తల్లికి తెలుసు, అక్కడెక్కడో తలుపు తీసి మంచినీళ్ళిచ్చినామెకి కూడా తెలుసు. పిట్టలు కడుగుతూ కూర్చున్న నాకు మాత్రం తెలియదు.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. అమ్మాయి సామాను సర్దించి ఉంచండి. మీరు దాచింది కొడుకు సంగతి కాదు, నా కూతుర్ని. అది నేను మరిచిపోలేను.


ఆగస్టు 27

తూనికల బావగారికి,

మీ ఇంట్లో నిలబడి అరిచినందుకు క్షమించమని రాయడానికి నాలుగు రోజులు పట్టింది. ఇప్పుడైనా మీ చెల్లెమ్మ కవరు మీద అడ్రసు రాసి ముందు పెడితే రాస్తున్నాను.

సామాను సర్దలేదని మీ మీద విరుచుకుపడ్డాను. మీరు ఒక్క మాట తిరిగి అనకుండా గోడ పట్టుకుని నిలబడ్డారు. మీరు తిరిగి అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. నడవమని అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను. ఆమె విడిపించుకోలేదు, లేవలేదు. వంటగది బల్ల దగ్గర కూర్చునే అంది, మీరూ విన్నారు, అయినా రాస్తున్నాను, నా చెవుల్లోంచి పోవడం లేదు కనక.

"అమ్మ అడిగింది, అమ్మకి చెప్పాను. మీరిద్దరూ నన్ను అడగలేదు నాన్నా. మూడు నెలలుగా పిట్టల వెనకాల నన్ను వెతుక్కుంటున్నారు. నేను ఇక్కడే కూర్చుని ఉన్నాను."

అప్పుడు అడిగాను, ఏం చేద్దామనుకుంటున్నావమ్మా అని. ఎన్నాళ్ళ నుంచి సిద్ధంగా ఉంచుకుందో, జవాబు గడగడా చెప్పేసింది. నా వెంట రాదట. మీ దగ్గరా ఉండదట. ల్యాబుకి దగ్గరలో గది మాట్లాడుకుందట. విడాకుల కాగితాలు తనే వేస్తుందట. మనిద్దరం మొహమొహాలు చూసుకున్నాం. అప్పుడు మీ మొహం చూస్తే, నాకన్నా ఎక్కువ పోగొట్టుకుంటున్నవాడు మీరేనని అర్థమైంది. ఆ మాట అక్కడే అనవలసింది. మోకాలు నొప్పి వంకతో బస్సుకి బయల్దేరాను.

ఇంకొకటి. బస్‌స్టాండులో పద్నాలుగో నంబరు ఫోటో అమ్మాయికి చూపించాను, ఆ మంగళవారం ఏమైందని. నైట్ డ్యూటీ చేసి వచ్చి, కూర్చున్నచోటే నిద్రపోయిందట. ఈ ఫోటో చూసి నేను రెండు నెలలు అన్నం సరిగా తినలేదంటే, బస్సు కదిలేదాకా నవ్వింది. ఆ నవ్వు చూశాక నా ప్రాణం కుదుటపడింది.

రోళ్ళు ఇంకా ఉన్నాయన్నారు. పంపండి.

మీ
స్టూడియో బావ


సెప్టెంబరు 20

స్టూడియో బావగారికి,

అమ్మాయి సోమవారం మారింది. రెండు సూట్‌కేసులు, ఒక ఫ్యాను, ఒక కుర్చీ. ఫ్యాను నేను పట్టుకెళ్ళాను. మూడో అంతస్తు, వెనక పెరడు లేదు, కిటికీ గట్టు మీద పావురాలున్నాయి. వాటిని చూసి కెమెరా తేలేదేమని అడిగింది. పావురాన్ని ఫోటో తీయడం నాకు చిన్నతనంగా ఉంటుందన్నాను.

అబ్బాయి ఫోను చేశాడు. ఆమె వెళ్ళిపోయిందటగా, ఇక అప్పుడప్పుడు ఇంటికి వచ్చిపోతానన్నాడు. నన్ను చూడాలనిపిస్తే చెప్పు, నేనే వస్తాను, నువ్వు మాత్రం ఇక్కడికి రావద్దన్నాను. అమ్మాయి ఆదివారాలు వస్తానంది. వచ్చినప్పుడు గుమ్మంలో వాడి చెప్పులు కనిపించకూడదు. కొడుకుని రావద్దనడం ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. అన్నాక గంటసేపు పెరట్లో కూర్చున్నాను. వాడి చిన్నప్పటి సంగతులు గుర్తొచ్చాయి, అవి రాయను.

ఇల్లు బావురుమంటోంది. పిట్టలకి ఏమీ తేడా తెలియలేదు. పికిలిపిట్టలు ఇప్పుడు వంటగది కిటికీ ఊచ మీదకే వస్తున్నాయి. ఇంత దగ్గరకొస్తే ఫోకస్ కుదరదు, వెనక్కి జరుగుదామంటే నా వెనక గోడ. నాలుగో రోలు పంపుతున్నాను. బట్టలు తీయలేదు. ఉన్నవి నా రెండు బనియన్లే.

మీ కూతుర్ని దాచానన్నారు. ఆ మాట మీరు వెనక్కి తీసుకోలేదు, తీసుకోనక్కర్లేదు. అది నిజం.

మీ
తూనికల వియ్యంకుడు


ఏప్రిల్ 6

ఈ ఉత్తరానికి పైన సంబోధన లేదని మీరు గమనించే ఉంటారు. మరిచిపోలేదు.

నిన్న విడాకుల కాగితాలు వచ్చాయి. అమ్మాయి ఫోను చేసి, అయిపోయింది నాన్నా అంది. ఏడవలేదు. నేనూ ఫోను పెట్టేదాకా బాగానే ఉన్నాను. మీ చెల్లెమ్మ పక్కింటికి వెళ్ళి ఏడ్చి వచ్చింది, నేను చూస్తే మళ్ళీ నన్ను ఓదార్చాల్సి వస్తుందని.

ఆ తర్వాత మీ తాజా రోలు కడిగి, ప్రింట్లు ఆరబెట్టి, ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. "తూనికల బావగారికి" అని రాసి ఆగిపోయాను. వియ్యం ఉంటేనే కదా వియ్యంకుడు. అది నిన్న కొట్టేశారు. కోర్టువాళ్ళు పిల్లలిద్దరి సంగతే చూశారు, మనిద్దరి సంగతి ఎవరూ అడగలేదు. ఇన్‌స్పెక్టరుగారూ అని రాస్తే మీ మీద పిటిషను పెట్టినట్టుంది. మిత్రమా అంటే గ్రీటింగు కార్డులా ఉంది. మూడు కాగితాలు చింపేశాను. నా వయసులో కొత్తగా చుట్టరికాలు పోగొట్టుకోవడం బాగాలేదు, అందులోనూ మీది. ఈ పది నెలల్లో నా గురించి మీకు తెలిసినంత ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు. మీ మీద నాకు కోపం ఎప్పుడు పోయిందో కూడా గుర్తులేదు.

నాకన్నా మీరు రెండేళ్ళు పెద్ద. మిమ్మల్ని ఏమని పిలవాలో మీరే తేల్చండి.

తేనెపిట్ట చివరికి కుదిరింది. ముప్పయ్యో నంబరు. పెద్దది చేసి పంపుతున్నాను.


ఏప్రిల్ 15

తమ్ముడూ,

రెండేళ్ళు పెద్దవాణ్ణని నువ్వే రాశావు కాబట్టి ఇలా మొదలుపెట్టాను. మీరు అనే మాట కూడా తీసేస్తున్నాను. నీకు అభ్యంతరముంటే తిరుగు టపాలో తెలియజేయి.

వరసలు ఎటు పోతాయో కాగితం మీద వేసి చూశాను. చెల్లెమ్మ ఇక నాకు మరదలవుతుంది. నేను ఆవిడకి బావగారినవుతాను, అంటే ఆ పిలుపు మీ ఇంట్లోనే ఉంటుంది, వృథా పోదు. అబ్బాయి నీకు కొడుకు వరస. వాణ్ణి తిట్టడానికి ఇకమీదట నీకు మర్యాదలు అడ్డురావు. మనం అన్నదమ్ములమైతే మన పిల్లలు అన్నాచెల్లెళ్ళవుతారు, వాళ్ళకి పెళ్ళి జరగకూడదు. జరిగినదానికి ఇంతకన్నా సరైన మాట నాకు దొరకలేదు.

మిగిలింది అమ్మాయి. ఆమె గురించి లెక్క వేయడానికి నాకు కాగితం అక్కర్లేకపోయింది. నీ ఉత్తరం రాగానే ముందు తట్టింది అదే.

మొన్న ఆదివారం వచ్చింది. నువ్వు పంపిన తేనెపిట్టని ఫ్రిజ్‌కి అంటించి, టీ పెడుతోంది. నేను స్టూలు మీద కూర్చుని, కెమెరా తుడుస్తున్నట్టు నటిస్తూ, ఇక నన్ను మావయ్యా అనక్కర్లేదమ్మా అన్నాను. చెయ్యి ఆగింది. మాట సరిగా మొదలుపెట్టలేదని నాకు అప్పుడు తెలిసింది. గబగబా నీ ఉత్తరం తీసి ఇచ్చాను, నేను వేసిన వరసల కాగితం కూడా ఇచ్చాను. నిలబడే చదివింది. రెండోది రెండుసార్లు చదివింది. మడిచి నా జేబులో పెట్టి, పొయ్యి వైపు తిరిగింది. నేను అడక్కుండా ఊహించుకోకూడదని ఈసారి అడిగేశాను, నీకిష్టమేనా అని.

"చక్కెర వెయ్యనా పెదనాన్నా, మానేశారా?" అంది.

డాక్టరు మానెయ్యమన్నాడు. వెయ్యమన్నాను.

నీ
అన్నయ్య